కూర్చోబెట్టడమే సేవా?

"ఇంకా ఎన్నాళ్ళు చేస్తారండీ, హాయిగా ఓ పక్కన కూర్చుని కృష్ణా రామా అనుకోకూడదూ!"

అరవై దాటిన పెద్దావిడ ఉన్న ఏ ఇంట్లో అయినా ఈ మాట రోజుకోసారైనా వినపడుతుంది. కోపంతో అనే మాట కాదిది, ప్రేమతో అనేదే. ఆవిడ చేతిలోంచి చీపురు లాగేసుకుంటారు. కూర తరుగుతానంటే "మీకెందుకండీ శ్రమ" అంటారు. మంచినీళ్ళు కూడా కూర్చున్న చోటికే తెచ్చిస్తారు. చూసిన నలుగురూ "అబ్బ, ఆ కోడలు అత్తగారిని కాలు కింద పెట్టనివ్వదమ్మా!" అని మెచ్చుకుంటారు.

మెచ్చుకోవలసిందే, కాదనను. అయితే ఒక్కమాట ఆలోచించండి. కాలు కింద పెట్టనివ్వకపోతే ఆ కాలికి బలం ఎక్కణ్ణించి వస్తుంది?

ఇలాంటి ప్రశ్న పట్టుకునే అమెరికాలో ఒక డాక్టరు తన ఉద్యోగ జీవితమంతా గడిపారు. ఆవిడ పేరు లిండా ఫ్రీడ్. ఈ వారం ఆవిడ చేసిన పనుల గురించి మీతో చెప్పాలనిపించింది. పెద్ద చదువుల వ్యవహారం మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. ఆవిడ కనిపెట్టిన విషయాల్లో సగం మన వంటింట్లో, వసారాలో, మెట్ల మీద రోజూ జరిగేవే.

ముసలితనానికీ ఓ శాస్త్రం

పసిపిల్లలకు వేరే డాక్టర్లు ఉన్నట్టే పెద్దవాళ్ళకూ వేరే వైద్యం ఉంది. అంతకంటే విశాలమైంది జెరంటాలజీ, అంటే వార్ధక్య శాస్త్రం. జబ్బుకు మందివ్వడం ఒక్కటే కాదు, వయసు మీద పడుతుంటే మనిషి ఒళ్ళు, మనసు, డబ్బు, ఇల్లు, ఇరుగుపొరుగు అన్నీ ఎలా మారతాయో కలిపి చూసే చదువు అది. అమెరికాలో దీనికి గట్టి పునాది వేసిన వాళ్ళలో రాబర్ట్ బట్లర్ అనే డాక్టరు ఒకరు. రంగును బట్టి మనిషిని చిన్నచూపు చూసినట్టే వయసును బట్టి చూడటం కూడా తప్పేనని చెప్పి, 1969లో దానికి 'ఏజిజం' అని పేరు పెట్టారాయన. ఆ దేశపు ప్రభుత్వం వృద్ధాప్యం మీద పరిశోధనకు పెట్టిన జాతీయ సంస్థకు మొదటి డైరెక్టరు కూడా ఆయనే.

ఆ దారిలోనే వచ్చారు లిండా ఫ్రీడ్. ఆవిడ డిగ్రీలో చదివింది సైన్సు కాదు, చరిత్ర! డిగ్రీ అయిన తొమ్మిదేళ్ళకి, 1979లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. తర్వాత బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రజారోగ్యం చదివి, అక్కడే వృద్ధుల వైద్య విభాగానికి పెద్ద అయ్యారు. 2008లో న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీ ప్రజారోగ్య కళాశాలకు డీన్‌గా వెళ్ళారు.

పదవులు చాలామందికి వస్తాయి. నాకు నచ్చింది ఆవిడ పని చేసిన తీరు.

ఆస్పత్రిలో కాదు, ఇంట్లో

ఆస్పత్రికి వచ్చిన వాళ్ళను చూస్తే జబ్బేమిటో తెలుస్తుంది. ఆ మనిషి ఇంట్లో ఎలా నెట్టుకొస్తోందో తెలియదు. స్నానాల గదిలోకి ఎలా వెళ్తోంది, పై అరలోని డబ్బా ఎలా అందుకుంటోంది, ఇవి ఆస్పత్రి మంచం మీద కనపడవు కదా!

అందుకని 1990ల మొదట్లో లిండా ఫ్రీడ్, ఇంకొందరు పరిశోధకులు కలిసి బాల్టిమోర్ తూర్పు పేటల్లో ఆడవాళ్ళ మీదే ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. ఆడవాళ్ళే ఎందుకంటారా? మగవాళ్ళ కంటే మనం ఎక్కువకాలం బతుకుతాం గానీ, ఆ చివరి ఏళ్ళలో కాళ్ళూ చేతులూ సరిగ్గా ఆడక అవస్థపడేది కూడా మనమే ఎక్కువ. 65 దాటిన ఆడవాళ్ళను నాలుగు వేల మందికి పైగా పలకరించి, వాళ్ళలో రోజువారీ పనులకు ఇబ్బంది పడుతున్న 1,002 మందిని తీసుకున్నారు. వాళ్ళెవరూ ఆశ్రమాల్లో ఉన్నవాళ్ళు కాదు, తమ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళే.

పరిశోధకులు ఆ ఇళ్ళకే వెళ్ళారు. మూడేళ్ళపాటు ఆరునెలలకోసారి వెళ్ళి, నడిపించి చూశారు, కుర్చీలోంచి లేపి చూశారు, చేతి పట్టు కొలిచారు. రోజు ఎలా గడుస్తోందని అడిగి రాసుకున్నారు. మరీ అంత ఇబ్బంది లేని 70 నుంచి 79 ఏళ్ళ ఆడవాళ్ళు 436 మందితో ఇలాంటిదే ఇంకో అధ్యయనం చేశారు.

"నాకే ఇబ్బందీ లేదమ్మా!"

ఆ రెండో అధ్యయనంలో బయటపడిన సంగతి ఒకటి వింటే మీరూ "నిజమే సుమా" అంటారు.

"మెట్లెక్కడం కష్టంగా ఉందా?" అని అడిగితే చాలామంది "అబ్బే, ఏం లేదు" అనేవారు. అక్కడితో ఆపకుండా ఇంకో ప్రశ్న వేశారు. "ఇదివరకు చేసినట్టే చేస్తున్నారా, చేసే పద్ధతేమైనా మారిందా? ఇదివరకంత తరచుగా చేస్తున్నారా?" అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. కష్టం లేదన్న వాళ్ళలోనే కొందరు గోడ పట్టుకుని ఎక్కుతున్నారు, కొందరు రోజుకి నాలుగుసార్లు ఎక్కేది ఒక్కసారికి తగ్గించుకున్నారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, పద్ధతి మార్చుకున్న వాళ్ళలోనే నిజమైన ఇబ్బంది ఎక్కువగా వచ్చింది. అంటే మనిషి నోటితో ఒప్పుకోకముందే ఒళ్ళు చెప్పేస్తుందన్నమాట.

మా అత్తయ్యగారి సంగతే చెప్తాను. ఏటా వేసవి రాగానే డాబా మీద వడియాలు పెట్టడం ఆవిడకు పండగ. రెండేళ్ళనుంచి వసారాలో నవారు మంచం మీద పెడుతున్నారు. అదేమిటండీ అంటే "పైన కాకుల గోల ఎక్కువైందమ్మాయ్" అన్నారు. కాకులు ఎప్పుడు లేవు చెప్పండి! మారింది మెట్లు, మోకాళ్ళ సంగతి. అది కనిపెట్టాక మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ వేయించాం, డాక్టరుకు చూపించాం. ఈ ఏడు పిండి నేను మోశాను, వడియాలు మాత్రం డాబా మీద ఆవిడే పెట్టారు.

ఇలాంటివి డాక్టరుకు ఎలా తెలుస్తాయి? తెలిసేది ఇంట్లో ఉండే మనకే. పెద్ద జాడీ మానేసి చిన్న సీసాలో ఊరగాయ తీసుకుంటున్నారా? తడిచీర పిండకుండానే ఆరేస్తున్నారా? గుడికి వెళ్ళడం వారానికోసారి నుంచి నెలకోసారికి తగ్గిందా? పీటమీద కూర్చోవడం మానేశారా? ఇవి అలవాట్లు మారడం కాదు, కబురు అందడం.

అయిదు గుర్తులు

"పెద్దావిడ నీరసపడిపోయింది" అంటాం మనం. ఎంత నీరసం, ఏ నీరసం అంటే చెప్పలేం. 2001లో లిండా ఫ్రీడ్ బృందం ఆ నీరసానికి కొలత కట్టింది. 65 ఏళ్ళు దాటిన 5,317 మంది వివరాలు చూసి అయిదు గుర్తులు చెప్పారు.

ఒకటి, తినడం తగ్గించుకోవాలని అనుకోకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గిపోవడం. జాకెట్లు వదులవడం, గాజులు మోచేతిదాకా జారడం మన కంటికి ముందే కనపడతాయి.

రెండు, వారంలో మూడు నాలుగు రోజులు "ఏ పని చేయాలన్నా బరువుగా ఉంది" అనిపించడం.

మూడు, చేతి పట్టు తగ్గడం. వాళ్ళు మిషనుతో కొలిచారు, మనకు సీసా మూతలున్నాయి.

నాలుగు, నడక మందగించడం. పదిహేను అడుగులు మామూలుగా నడవమని టైము చూశారు. అయిదడుగుల రెండంగుళాల లోపు ఎత్తున్న ఆడవాళ్ళకు ఏడు సెకన్లు, అంతకుమించి పడితే నడక తగ్గినట్టు లెక్క.

అయిదు, రోజంతా కదలిక బాగా తగ్గిపోవడం.

ఇందులో మూడు, అంతకంటే ఎక్కువ ఉంటే మనిషి బాగా బలహీనపడినట్టు. ఒకటో రెండో ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. మూడు దాటిన వాళ్ళు ఆ తర్వాతి మూడేళ్ళలో పడిపోవడం, ఆస్పత్రి పాలవడం ఎక్కువగా జరిగింది. అయితే ఇవి చూసి మనమే జబ్బు తేల్చెయ్యకూడదండోయ్. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "నీరసంగా ఉంటున్నారండీ" అనడం కంటే "ఏడాదిలో అయిదు కిలోలు తగ్గారు, గుమ్మం దాటడానికి గోడ పట్టుకుంటున్నారు" అని చెప్తే ఆయనకు పని సులువవుతుంది. అందుకు పనికొస్తాయి.

ఇంకో సంగతి గమనించారా? ఈ అయిదూ ఒకదాన్ని ఒకటి లాగుతాయి. కదలకపోతే ఆకలి వేయదు, తినకపోతే కండ తగ్గుతుంది, కండ తగ్గితే నడక తగ్గుతుంది, నడక తగ్గితే ఇంకా కదలరు. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అని మనం అన్నప్పుడల్లా ఆ గానుగను ఇంకో చుట్టు తిప్పినట్టే కదా!

బడికి వెళ్ళిన అమ్మమ్మలు

మరి ఏం చేయాలి? వ్యాయామం చెయ్యండి అని చెప్తే పెద్దవాళ్ళు వింటారా? అక్కడా అంతే, ఇక్కడా అంతే. నాలుగు రోజులు చేసి మానేస్తారు. లిండా ఫ్రీడ్ ఇక్కడే తెలివిగా ఆలోచించారు. "మీ ఒంటికి మంచిది" అంటే రానివాళ్ళు, "మీ అవసరం ఉంది" అంటే వస్తారు!

మార్క్ ఫ్రీడ్‌మన్ అనే ఆయనతో కలిసి ఆవిడ 'ఎక్స్‌పీరియన్స్ కోర్' అనే ఏర్పాటు చేశారు. అరవై దాటిన వాళ్ళకు శిక్షణ ఇచ్చి బీదపేటల్లోని ప్రాథమిక పాఠశాలలకు పంపడం. వారానికి 15 గంటలు. చిన్నపిల్లలకు చదవడం నేర్పడం, లైబ్రరీ తెరిపించడం, పిల్లల తగవులు తీర్చడం వాళ్ళ పని. దారి ఖర్చులకు కొద్దిపాటి డబ్బిచ్చేవారు. ఒక్కరినీ ఇద్దరినీ కాకుండా ఒక్కో బడికి జట్టుగా పంపేవారు. అలా అయితే పిల్లలతోపాటు సాటి స్నేహితులూ దొరుకుతారని. 1996లో అయిదు ఊళ్ళలో మొదలైంది. ఆ తర్వాత బాల్టిమోర్‌లో 128 మందితో పరీక్షగా చేసి చూశారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు, అంతంతమాత్రం సంపాదన ఉన్నవాళ్ళు. 86 ఏళ్ళావిడ దాకా ఉన్నారు.

చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి ఒక జట్టును బడికి పంపి, రెండో జట్టును ఆగమన్నారు. కొన్ని నెలల తర్వాత చూస్తే బడికి వెళ్ళిన వాళ్ళకు ఒంట్లో బలం పెరిగింది. నడక వేగం రెండో జట్టుకు తగ్గినంతగా వీళ్ళకు తగ్గలేదు. "కష్టమొస్తే నాకు ఫలానా వాళ్ళున్నారు" అనుకునే మనుషులు పెరిగారు. టీవీ ముందు కూర్చునే వేళ కూడా తగ్గిందట! అటు పిల్లలకూ చదువు మెరుగైంది, అల్లరి చేసి హెడ్‌మాస్టరు దగ్గరికి పంపించుకోవడం తగ్గింది.

మందూ మాకూ లేకుండా ఇదెలా జరిగిందంటారా? ఆలోచిస్తే అందులో మంత్రమేమీ లేదు. బడికి వెళ్ళాలంటే పొద్దున్నే లేవాలి, తలదువ్వుకోవాలి, నడవాలి, మెట్లెక్కాలి, పిల్లల పేర్లు గుర్తుపెట్టుకోవాలి. ఒళ్ళూ, బుర్రా, మనసూ మూడూ ఒకేసారి కదులుతాయి. అన్నిటికంటే ముఖ్యం, వెళ్ళకపోతే "ఇవాళ రాలేదేం?" అని అడిగే పిల్లాడు ఒకడుంటాడు.

ఇంట్లో కూర్చోబెట్టిన పెద్దావిడను "ఇవాళ చెయ్యలేదేం?" అని అడిగేవాళ్ళెవరు?

ఆడ డాక్టర్లకూ అదే న్యాయం

ఆవిడ చేసిన ఇంకో పని కూడా చెప్పకుండా ఉండలేను. 1990లో జాన్స్ హాప్కిన్స్ వైద్య విభాగంలో అసోసియేట్ ప్రొఫెసరు హోదాలో ఆడవాళ్ళు నలుగురే ఉండేవారు. చేరేవాళ్ళు చేరుతున్నారు, పైకి మాత్రం రావడం లేదు. ఆడవాళ్ళకు ఓపిక లేదులే అని సరిపెట్టేసుకోకుండా, లిండా ఫ్రీడ్ తోటివారితో కలిసి కారణాలు వెతికారు. జీతాల్లో తేడాలు, దారి చూపే పెద్దదిక్కు లేకపోవడం, సాయంత్రాలూ సెలవురోజుల్లో మీటింగులు. ఇంట్లో పసిపిల్లలున్న తల్లి ఆ వేళకు ఎలా వస్తుంది చెప్పండి! మీటింగులు పనివేళల్లోకి మార్చారు, జీతాలు సరిచూశారు, చిన్నవాళ్ళకు దారి చూపే పెద్దలను ఏర్పాటు చేశారు. అయిదేళ్ళలో, 1995కల్లా ఆ నలుగురు 26 మంది అయ్యారు.

ముసలివాళ్ళ విషయంలోనూ ఆడ డాక్టర్ల విషయంలోనూ ఆవిడ చూపు ఒకటే. చేతకాదని మనిషిని పక్కన పెట్టకముందు, చేయగలిగేలా చుట్టూ ఏర్పాటుందా అని చూడాలి.

మన దేశంలో

మన దగ్గరా ఇలాంటి కొలతలు జరిగాయి. 2017-18లో ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ వాళ్ళు విదేశీ యూనివర్సిటీలతో కలిసి దేశమంతటా 45 ఏళ్ళు దాటిన 72 వేల మందికి పైగా ఇళ్ళకు వెళ్ళారు. చేతి పట్టు, నడక వేగం, చూపు, రక్తపోటు కొలిచారు. 2011 జనాభా లెక్కల్లోనే అరవై దాటినవాళ్ళు పదికోట్లకు పైగా ఉన్నారు. అందులో ఆడవాళ్ళే ఎక్కువ. ఇవాళ్టి అత్తగార్ల సంగతే కాదమ్మా, రేపటి మన సంగతి కూడా ఇదే!

మరి మన చేతిలో ఉన్నదేమిటి?

పెద్దావిడ చేసే పనులు తీసెయ్యకండి, పనిలో అపాయం తీసెయ్యండి. తడినేల తుడవండి, మెట్లకు కమ్మీ వేయించండి, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ బిగించండి, రాత్రిపూట నడిచే దారిలో చిన్న దీపం పెట్టండి. బరువులు మీరు ఎత్తండి, పోపు ఆవిణ్ణి వేయనివ్వండి.

ఆవిడకంటూ ఒక బాధ్యత ఉండాలి. కాలక్షేపానికి కాదు, ఆవిడ చేయకపోతే ఇల్లు ఆగేలా ఉండాలి. పాల లెక్క, మొక్కలకు నీళ్ళు, మనవడికి పద్యాలు, పక్కింటి కొత్తకోడలికి ఊరగాయ కొలతలు, ఏదైనా సరే. కానీ ఇష్టం లేని చాకిరీ నెత్తిన రుద్దడానికి దీన్ని సాకు చేసుకోకూడదు. ఏం చేస్తారో ఆవిణ్ణే అడగండి.

కంచంలో చారన్నం ఒక్కటే కాకుండా ముద్దపప్పు, పెసరట్టు, పెరుగు, తినేవాళ్ళకు గుడ్డు ఉండేలా చూడండి. కండకు అవి కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి తీరాలి.

ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళకు సాయం, సలహా కావాలంటే 14567కు ఫోను చేయవచ్చు. డబ్బు పడదు. ఇది 2017లో మొదట మన హైదరాబాదులో మొదలై, 2021లో దేశమంతటికీ వెళ్ళిన సేవ.

చివరగా, ఇంట్లో చదువుకునే ఆడపిల్లలున్న వాళ్ళకు ఓ మాట. వృద్ధుల సేవ అంటే మంచం దగ్గర కూర్చోవడమే అనుకోకండి. వైద్యం, నర్సింగు, హోంసైన్సు, మనస్తత్వశాస్త్రం, సోషల్ వర్కు, లెక్కలు, ఏది చదివినా ఈ రంగంలోకి దారి ఉంది. వృద్ధుల వైద్యంలో ఎం.డి. చదువు మద్రాసు మెడికల్ కాలేజీలో 1996లోనే మొదలైంది. చరిత్ర చదివినావిడ ఇంత చేయగా లేనిది, మన పిల్లలు చేయలేరా?

ఈ వారం మీ ఇంట్లో పెద్దావిణ్ణి "ఎలా ఉన్నారు?" అని కాకుండా, "ఇదివరకు చేసి ఈమధ్య మానేసిన పనేమిటి?" అని అడిగి చూడండి. ఆవిడ ఏం చెప్పారో, మీరేం చేశారో నాకు ఉత్తరం రాయండి. వచ్చేవారం కలుసుకుందాం.